అమెరికాలో కరెంటు, గ్యాస్, నీటి సంస్థల రేడియోను స్కానర్‌లో వినడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను స్కానర్ (రేడియో ఛానెళ్లను ఒక్కొక్కటిగా తిప్పి చూస్తూ, మాట ఉన్నచోట ఆగి వినిపించే రిసీవర్) వింటానని డాలస్ చుట్టుపక్కల మనవాళ్లకు తెలిసిన దగ్గర్నుంచి, గాలివాన వచ్చిన ప్రతిసారీ అవే సందేహాలు ఫోన్లో వస్తున్నాయి. ఒకసారి కూర్చుని రాసేస్తే అందరికీ పనికొస్తుందని ఇది రాశాను. ఏ ప్రశ్నకి ఆ జవాబు విడిగా ఉంటుంది, మీకు కావలసింది చూసుకోండి. ఇది అమెరికాలో ఉన్నవాళ్ల కోసం. ఇండియా సంగతి చివర్లో వేరే అడిగారు, అక్కడ చెప్పాను.

## కొనకముందు

కరెంటు కంపెనీ యాప్‌లో అవుటేజ్ మ్యాప్ ఉంది కదా, మళ్లీ ఈ రేడియో ఎందుకు?

మ్యాప్‌లో "సిబ్బందిని పంపాం" అని ఒక ముక్క, ఒక టైము ఉంటాయి. ఆ టైము దాటగానే ఇంకో టైము పడుతుంది. రేడియోలో పని వినిపిస్తుంది: కొమ్మ తీశారు, ఫ్యూజు వేసి చూశారు, నిలబడలేదు, ఇంకో నాలుగు స్తంభాలు నడిచి చూడమన్నారు. ఆలస్యం ఎందుకవుతోందో అప్పుడు అర్థమవుతుంది. మా నాన్న ఖమ్మం జిల్లాలో ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌గా చేశారు. చిన్నప్పుడు అన్నం క్యారేజీ ఇవ్వడానికి వెళ్లి ఆ ఫోను మాటలు వింటూ కూర్చునేవాణ్ణి. నాకు ఈ పిచ్చి అక్కడ పట్టింది.

ఒక మాట ముందే చెప్తున్నాను. మామూలు రోజుల్లో ఇది చాలా చప్పగా ఉంటుంది. ఛేజింగులూ ఉత్కంఠా కావాలనుకునేవాళ్లకు వారంలో విసుగొచ్చేస్తుంది.

నేను హెచ్1బీ మీద ఉన్నాను. వింటే ఏమైనా కేసు అవుతుందా? టెన్షన్‌గా ఉంది.

వినడానికి లైసెన్సూ అక్కర్లేదు, పౌరసత్వమూ అక్కర్లేదు. ఫెడరల్ చట్టం 1986లో వచ్చిన ఎలక్ట్రానిక్ కమ్యూనికేషన్స్ ప్రైవసీ యాక్ట్. ఎవరికైనా తేలిగ్గా అందే రేడియో మాటలు వినడానికి అది మినహాయింపు ఇచ్చింది. ఆ జాబితాలో పోలీసు, ఫైర్‌తో పాటు "ప్రైవేట్ ల్యాండ్ మొబైల్" అనే మాట కూడా ఉంది. కరెంటు, గ్యాస్ కంపెనీల రేడియోలు ఆ కోవలోకే వస్తాయి.

చేయకూడనివి మూడు. సెల్‌ఫోన్ మాటలు వినకూడదు. ఎన్‌క్రిప్ట్ చేసినదాన్ని విప్పడానికి ప్రయత్నించకూడదు. విన్నదాన్ని బయటికి చెప్పకూడదు, సొంత లాభానికి వాడుకోకూడదు. ఈ మూడోది కమ్యూనికేషన్స్ యాక్ట్ 705వ సెక్షన్. మనవాళ్లలో ఎక్కువమంది దొరికిపోయేది ఇక్కడే, ఎందుకంటే మన చేతిలో వాట్సాప్ ఊరుకోదు. నేను లాయర్ని కాను. రాష్ట్రానికో చట్టం ఉంటుంది కాబట్టి మీ రాష్ట్రంలో ఏముందో ఒకసారి చూసుకోండి.

కారులో పెట్టుకుని తిరగొచ్చా?

ఇంట్లో వినడం వేరు, బండిలో వినడం వేరు. ఫ్లోరిడా, ఇండియానా, కెంటకీ, మిన్నెసోటా, న్యూయార్క్ రాష్ట్రాల్లో వాహనంలో స్కానర్ ఉంచుకోవడం మీద ఆంక్షలున్నాయి. ఆ చట్టాలు పోలీసు ఫ్రీక్వెన్సీలను దృష్టిలో పెట్టుకుని రాసినవే. అయితే మీ స్కానర్ వాటినీ పట్టగలదు కాబట్టి "నేను కరెంటు వాళ్లనే వింటున్నానండీ" అంటే ఆపిన ఆఫీసర్ ఒప్పుకోకపోవచ్చు. హామ్ (ఔత్సాహిక రేడియో) లైసెన్స్ ఉన్నవాళ్లకు వీటిలో చాలాచోట్ల మినహాయింపు ఉంది. లైసెన్స్ లేకపోతే రాష్ట్రం దాటేటప్పుడు స్కానర్ ఆపేసి డిక్కీలో పడేయడం మేలు.

హామ్ లైసెన్స్ తీసుకోవాలా?

వినడానికి అక్కర్లేదు. మాట్లాడాలంటే కావాలి, అదీ హామ్ బ్యాండ్లలో మాత్రమే. ఏ హామ్ లైసెన్సూ మిమ్మల్ని కరెంటు కంపెనీ ఛానెల్లో మాట్లాడనివ్వదు. అమెరికా పౌరులు కానివాళ్లూ పరీక్ష రాయొచ్చు. విదేశీ ప్రభుత్వ ప్రతినిధులకు మాత్రం కుదరదు.

## కొనేటప్పుడు

ఏ స్కానర్ కొనాలి?

ముందు మీ కంపెనీ ఏ పద్ధతి వాడుతోందో తెలుసుకోండి, డబ్బు తర్వాత తియ్యండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. నేనూ చేశాను. మొదట యూనిడెన్ బీసీ125ఏటీ కొన్నాను. 100 డాలర్ల పైచిలుకు, 500 ఛానెళ్లు, బుజ్జి మిషను. ఇంటికి తెచ్చాక తెలిసింది, అది 512 మెగాహెర్ట్జ్ దాటి వెళ్లదు. మా కంపెనీ ఏమో 900లో ఉంది. ఇక దాన్ని పక్క కౌంటీలోని గ్రామీణ కో-ఆపరేటివ్‌కి పెట్టుకున్నాను. అది పాత పద్ధతి అనలాగ్, బ్రహ్మాండంగా వినిపించింది. మా కంపెనీని పట్టలేకపోయిన ఆ రేడియోనే ఇప్పటికీ ఎక్కువగా వాడుతున్నాను.

స్థూలంగా ఇదీ లెక్క. అనలాగ్ వీహెచ్ఎఫ్, యూహెచ్ఎఫ్ అయితే 100 డాలర్ల స్థాయి స్కానర్ చాలు. డిజిటల్ ట్రంకింగ్ (కొన్ని ఫ్రీక్వెన్సీలను అందరూ వంతులవారీగా పంచుకునే పద్ధతి, కింద చెప్పాను) అయితే యూనిడెన్ ఎస్‌డీఎస్100, విస్లర్ టీఆర్ఎక్స్-1 లాంటివి కావాలి. ఎస్‌డీఎస్100 ధర 600 డాలర్లకు పైనే. పైగా దానిలో కొన్ని డిజిటల్ పద్ధతులు, అంటే డీఎంఆర్, ఎన్ఎక్స్‌డీఎన్ వినాలంటే విడిగా డబ్బు కట్టి అప్‌గ్రేడ్ కీ కొనాలి. పెట్టె మీద ఉన్న ధర చూసి లెక్కలు వేసుకోకండి.

ముప్పై నలభై డాలర్ల యూఎస్‌బీ డాంగిల్‌తో పని జరుగుతుందా?

జరుగుతుంది. నన్నడిగితే ముందు అదే కొనమంటాను. ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అంటారు. దాదాపు 24 నుంచి 1,766 మెగాహెర్ట్జ్ వరకు పడుతుంది. ఒకేసారి రెండు మెగాహెర్ట్జ్ పైచిలుకు వెడల్పు తెర మీద జలపాతంలా కనిపిస్తుంది. ఎవరు ఎక్కడ మాట్లాడినా అక్కడ గీత పడుతుంది, దాని మీద క్లిక్ చేస్తే మాట వినపడుతుంది. ఎస్‌డీఆర్‌ట్రంక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పీ25, డీఎంఆర్ లాంటి డిజిటల్ సిగ్నళ్లను మాటగా మార్చి వినిపిస్తుంది.

ఇబ్బంది ఒక్కటే. ల్యాప్‌టాప్ ఆన్‌లో ఉండాలి. కరెంటు పోయిన రాత్రి, అసలు వినాల్సిన రోజున, మీరు ల్యాప్‌టాప్ ఛార్జింగ్ చూసుకుంటూ కూర్చుంటారు. బ్యాటరీ స్కానర్ విలువ ఆ రోజు తెలుస్తుంది.

నా దగ్గర బౌఫెంగ్ వాకీటాకీ ఉంది. అది చాలదా?

అనలాగ్ ఛానెల్ ఒకటో రెండో అయితే వినపడుతుంది. కానీ స్కానింగ్ బాగా నెమ్మది, ఈ ఛానెల్ నుంచి ఆ ఛానెల్‌కి వెళ్లేలోపు మాట అయిపోతుంది. అసలు భయం పక్కనున్న బటన్. జేబులో నొక్కుకుపోయినా, పిల్లలు నొక్కినా, స్తంభం మీద మనిషి ఉన్న ఛానెల్లోకి మీ ఇంట్లో టీవీ మోత వెళ్తుంది. వాకీటాకీయే వాడతానంటే ఆ ఛానెళ్లలో ట్రాన్స్‌మిట్ ఆపేసే సెట్టింగ్ పెట్టుకోండి. వినడానికి మాత్రమే పనికొచ్చే పరికరం ఉంటే ఆ గొడవే ఉండదు.

అపార్ట్‌మెంట్‌లో ఉంటాను. యాంటెన్నా ఎక్కడ పెట్టాలి?

కిటికీ అద్దానికి, వీలైతే పై అంతస్తులో. స్కానర్‌తో వచ్చే రబ్బరు యాంటెన్నా అన్నిటికీ అంతంతమాత్రంగా పనిచేస్తుంది. పొడవు లెక్క తేలిక: 7,500ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే పావు తరంగం పొడవు సెంటీమీటర్లలో వస్తుంది. 155కి 48 సెంటీమీటర్లు, 460కి 16, 935కి 8. అందుకే 900 మెగాహెర్ట్జ్‌కి బెత్తెడు తీగ చాలు, 47 మెగాహెర్ట్జ్ దగ్గరుండే పాత లో బ్యాండ్‌కి మనిషెత్తు కావాలి. బాల్కనీ ఉంటే అయస్కాంతం ఉన్న కారు యాంటెన్నాని వంటింటి బేకింగ్ ట్రే మీద నిలబెట్టండి. నవ్వకండి, మా ఇంట్లో మూడేళ్లు అదే నడిచింది. ట్రే మాత్రం కొత్తది కొనివ్వాల్సి వచ్చింది.

## వెతికేటప్పుడు

మా కంపెనీ ఏ ఫ్రీక్వెన్సీలో ఉందో ఎలా తెలుస్తుంది?

ఇందులో రహస్యం ఏమీ లేదు. రేడియో లైసెన్సులిచ్చే ఫెడరల్ సంస్థ ఎఫ్‌సీసీ వాళ్ల యూఎల్ఎస్ అనే లైసెన్సుల వెతుకులాట పేజీ అందరికీ తెరిచి ఉంటుంది. కంపెనీ పేరు, రాష్ట్రం, కౌంటీ ఇచ్చి రేడియో సర్వీస్ దగ్గర ఐజీ లేదా వైజీ ఎంచుకోండి. ఐజీ మామూలు ఛానెళ్లు, వైజీ ట్రంకింగ్. సామాన్యంగా ఇవి 150-174, 450-470 మెగాహెర్ట్జ్ ప్రాంతాల్లో కనిపిస్తాయి. 800, 900 మెగాహెర్ట్జ్ లైసెన్సులకు సర్వీస్ కోడ్లు వేరే ఉంటాయి, వాటికి కంపెనీ పేరుతోనే వెతకండి. కొన్నిచోట్ల 47-48 దగ్గర పాత లో బ్యాండ్ లైసెన్సులు కూడా తగుల్తాయి. ఔత్సాహికులు పోగుచేసిన రేడియోరిఫరెన్స్ జాబితా కూడా చూడండి. ఏ ఛానెల్ దేనికి వాడుతున్నారో అందులో మనుషులు విని రాసి ఉంటారు, లైసెన్స్ కాగితంలో ఆ సంగతి ఉండదు.

ఒక చిక్కు: లైసెన్స్ మీరు బిల్లు కట్టే కంపెనీ పేరు మీద ఉండకపోవచ్చు. టెక్సాస్‌లో చాలాచోట్ల బిల్లు వేసేది ఒకరు, తీగలు చూసుకునేది ఇంకొకరు. రేడియో తీగల కంపెనీది. సెంట్రల్ టెక్సాస్‌లో లోయర్ కొలరాడో రివర్ అథారిటీ సొంతంగా 900 మెగాహెర్ట్జ్ ట్రంకింగ్ నెట్‌వర్క్ నడుపుతుంది, చుట్టుపక్కల ఇతర ప్రభుత్వ సంస్థలూ దాన్నే వాడుకుంటాయి. అలాంటిచోట మీ ఊరి పేరుతో వెతికితే ఏమీ దొరకదు.

లైసెన్స్ కాగితం దొరికింది. అందులో 11కే2ఎఫ్3ఈ లాంటివి ఏమిటి?

దాన్ని ఎమిషన్ డిజిగ్నేటర్ అంటారు. మీ డబ్బు ఆదా చేసేది అదే. ముందున్న అంకెలు వెడల్పు: 11కే2 అంటే 11.2 కిలోహెర్ట్జ్. చివరి అక్షరం ఈ అయితే మాట, డీ అయితే డేటా. ఎఫ్3ఈ అంటే మామూలు అనలాగ్ ఎఫ్ఎం. 8కే10ఎఫ్1ఈ కనిపిస్తే పీ25, 7కే60ఎఫ్ఎక్స్ఈ అయితే డీఎంఆర్, 4కే00ఎఫ్1ఈ అయితే ఎన్ఎక్స్‌డీఎన్ అనుకోవచ్చు. 20కే0ఎఫ్3ఈ ఒక్కటే ఉంటే పాత కాగితం. 150, 450 బ్యాండ్లలో 2013 జనవరి 1 నాటికి అందరూ 12.5 కిలోహెర్ట్జ్ ఇరుకు ఛానెళ్లకు మారాలని ఎఫ్‌సీసీ గడువు పెట్టింది.

పక్కన స్టేషన్ రకం కూడా చూడండి. ఎఫ్‌బీ2 అంటే రిపీటర్ (బండ్ల మాట అందుకుని టవర్ మీది నుంచి మళ్లీ పంపేది), ఎంఓ అంటే బండ్లలో రేడియోలు. స్కానర్‌లో వేసుకోవాల్సింది ఎఫ్‌బీ2 ఫ్రీక్వెన్సీ.

ఫ్రీక్వెన్సీ సరిగ్గానే వేశాను. రోజంతా ఒక్క మాట లేదు. ఎందుకు?

ఎక్కువ సందర్భాల్లో రిపీటర్ లోపలికి తీసుకునే ఫ్రీక్వెన్సీ వేసి ఉంటారు. 450 బ్యాండ్‌లో ఆ జత మధ్య 5 మెగాహెర్ట్జ్ తేడా, 800లో 45, 900లో 39 ఉంటుంది. రెండింట్లో ఒకదానిలో బండి రేడియో మాత్రమే ఉంటుంది, అది మీ వీధిలో ఉంటేనే వినపడుతుంది. పెద్ద టవర్ మీది నుంచి వచ్చేది పై... కాదు, ఇక్కడ జాగ్రత్త: 450-470లో టవర్ చిన్న అంకె మీద ఉంటుంది, 451 టవర్ అయితే 456 బండి. 800, 900 బ్యాండ్లలో దానికి తలకిందులు, పెద్ద అంకె టవర్‌ది. నేను కూడా ప్రతిసారీ తడబడతాను, చూశారుగా.

అది సరిగ్గా ఉండీ మాట లేదంటే, ఆ ఛానెల్ తుఫానుల కోసం ఉంచుకున్నదేమో. చాలా కంపెనీల్లో రోజువారీ పనులన్నీ బండిలోని ట్యాబ్లెట్ మీద, సెల్‌ఫోన్ మీద జరిగిపోతున్నాయి. ఉదయం ఏడు ఎనిమిది మధ్య, సిబ్బంది బండ్లు ఎక్కే సమయంలో విని చూడండి. దక్షిణాది రాష్ట్రాల్లో అయితే సదరన్ కంపెనీకి సదరన్‌లింక్ అని సొంత ఎల్‌టీఈ నెట్‌వర్కే ఉంది. అది సెల్‌ఫోన్ లాంటిది, స్కానర్‌కి అందదు.

మాటలు లేవు, గర్ర్‌మని ఒకటే మోత. పాడైందా?

పాడవలేదు. అది డేటా. సబ్‌స్టేషన్ల నుంచి, నీళ్ల ట్యాంకుల నుంచి, పంపుల నుంచి రీడింగులు సెంటర్‌కి వెళ్తుంటాయి. సెకనుకో రెండు సెకన్లకో ఒక చిన్న బర్రుమనే శబ్దం వస్తుంటే స్కాడా. ఎడతెగని గుర్రుమోత అయితే ట్రంకింగ్ కంట్రోల్ ఛానెల్. మొదటిదాన్ని లాకౌట్ చేసి, అంటే స్కానర్ దాన్ని దాటేసేలా పెట్టి, వదిలేయండి. రెండోది దొరికితే సంతోషించండి, ట్రంకింగ్ స్కానర్‌కి కావలసింది అదే.

ట్రంకింగ్ అంటే తేలిగ్గా చెప్పండి.

బ్యాంకులో ఒకే క్యూ, నాలుగు కౌంటర్లు. ఎవరు ఖాళీ అయితే వాళ్ల దగ్గరికి వెళ్తారు. ఇక్కడ టోకెన్ ఇచ్చేది కంట్రోల్ ఛానెల్, కౌంటర్లు ఫ్రీక్వెన్సీలు, క్యూలో ఉన్నవాళ్లు టాక్‌గ్రూపులు. ఒకే సంభాషణలో ప్రశ్న 936లో, జవాబు 938లో రావచ్చు. మామూలు స్కానర్‌కి అది పిచ్చి గోలలా ఉంటుంది, ట్రంకింగ్ స్కానర్ కంట్రోల్ ఛానెల్ చదువుతూ వెంటపడుతుంది.

స్క్రీన్ మీద ఎన్‌క్రిప్టెడ్ అని వస్తోంది. ఏదైనా దారి ఉందా?

లేదు. వెతకకండి కూడా. చట్టవిరుద్ధం. లాకౌట్ చేసి పక్క ఛానెల్‌కి వెళ్లండి.

వేసవిలో 47 మెగాహెర్ట్జ్‌లో ఎక్కడో వేరే యాసలో మాటలు వస్తున్నాయి. ఎవరు వాళ్లు?

వెయ్యి, రెండు వేల కిలోమీటర్ల అవతల ఎవరో లైన్‌మన్లు. మే నుంచి ఆగస్టు దాకా అయనావరణంలో ఇ పొర అక్కడక్కడా ముద్దగా గట్టిపడుతుంది. దాన్ని స్పొరాడిక్ ఇ అంటారు. లో బ్యాండ్ తరంగాలు దానికి తగిలి దూరంగా దిగుతాయి. పావుగంట స్పష్టంగా వినిపించి, ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోతుంది. మన దగ్గర పాత రోజుల్లో టీవీలో హఠాత్తుగా పరాయి దేశం ఛానెల్ నీడలా పడేది గుర్తుందా, కొన్నిసార్లు దానికి కారణం ఇదే.

## వింటున్నప్పుడు

వినపడుతోంది కానీ ఒక్క ముక్క అర్థం కావట్లేదు. ఏం మాట్లాడుకుంటారు?

పది మాటలు తెలిస్తే సగం అర్థమవుతుంది. సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే లైను ఫీడర్, మన దగ్గరా అదే మాట. దాన్నుంచి వీధిలోకి చీలేది ట్యాప్ లేదా ల్యాటరల్. స్తంభం మీద పింగాణీ ఇన్సులేటర్‌కి తగిలించిన ఫ్యూజు గొట్టం కటౌట్. ట్రాన్స్‌ఫార్మర్‌ని "పాట్" అనో "క్యాన్" అనో అంటారు. మన వీధి మూలన ఉండే పెద్ద త్రీఫేజ్ ట్రాన్స్‌ఫార్మర్ లాంటిది ఊహించుకోకండి, ఇక్కడ నాలుగైదు ఇళ్లకో చిన్న డబ్బా. "ప్రైమరీ" అంటే పైనున్న హై వోల్టేజ్ తీగ, చాలాచోట్ల 7,200 వోల్టులు. "సెకండరీ" ఇళ్లకు వచ్చేది. "ట్రబుల్‌మన్" మొదట వెళ్లి చూసే ఒంటరి మనిషి. ఆయన చూసి "బకెట్ కావాలి" అంటే మనిషిని పైకెత్తే లారీ వస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట "క్లియరెన్స్". మన లైన్‌మన్లు "ఎల్‌సీ తీసుకున్నాం" అంటారే, అచ్చంగా అదే. లైన్ క్లియర్. ఈ మనిషి పేరు మీద ఈ లైను ఆపి ఉంది, ఆయన తిరిగి ఇచ్చేదాకా ఎవరూ ఛార్జ్ చేయకూడదు. మొదటిసారి స్కానర్‌లో ఒకాయన తన పేరు అక్షరం అక్షరం చెప్పి క్లియరెన్స్ తీసుకుంటుంటే, నాన్న లాగ్‌బుక్‌లో ఎల్‌సీ నంబరు, పేరు, టైము రాసుకుంటూ పైకి చదివే గొంతు వినపడినట్టయింది.

చెప్పిందే మళ్లీ మళ్లీ ఎందుకు చెప్పుకుంటారు? సిగ్నల్ లేకనా?

సిగ్నల్ బాగానే ఉంటుంది. అది నియమం. ఉదాహరణకి, అంకెలు నావి:

"స్విచ్ 4417 ఓపెన్ చేయండి."
"స్విచ్ 4417 ఓపెన్ చేయాలి."
"కరెక్ట్."

అప్పుడు గానీ ఆయన చేయి వెయ్యడు. పని అయ్యాక "4417 ఓపెన్, 14:22" అంటాడు, కంట్రోల్ సెంటర్‌లోని డిస్పాచర్ ఆ టైము కూడా తిరిగి చదువుతారు. దీన్ని మూడు అంచెల సంభాషణ అంటారు. పెద్ద గ్రిడ్ ఆదేశాలకు ఇది గ్రిడ్ నియమాలు రాసే నెర్క్ అనే సంస్థ వాళ్ల కామ్-002 ప్రమాణంలోనే ఉంది. వీధి లైన్లకు కూడా చాలా కంపెనీలు అదే అలవాటు పెట్టుకున్నాయి.

ఒకసారి తిరిగి చదివేటప్పుడు అంకెలు తారుమారయ్యాయి. ఎక్కడో, ఎప్పుడో చెప్పను, చెప్పకూడదు. డిస్పాచర్ "నెగటివ్" అని ఒక్క మాట అని, మొదటి నుంచి మళ్లీ చదివారు. గొంతులో విసుగు లేదు. అవతలాయన మళ్లీ చదివాడు, ఈసారి సరిపోయింది. మొత్తం పది సెకన్లు. నేను సోఫా అంచున కూర్చుని ఉన్నాను, వాళ్లు మాత్రం తర్వాతి స్విచ్‌కి వెళ్లిపోయారు.

మా ఇంట్లో లైట్లు మూడుసార్లు ఆరి వెలిగి, తర్వాత పూర్తిగా పోయాయి. రేడియోలో "లాకౌట్" అన్నారు.

స్తంభం మీదో సబ్‌స్టేషన్‌లోనో రీక్లోజర్ అనే బ్రేకర్ ఉంటుంది. కొమ్మ తగిలినా, ఉడుత పడినా ట్రిప్ అవుతుంది, కాసేపాగి తనంతట తానే మళ్లీ వేసి చూస్తుంది. కొమ్మ ఈలోపు కింద పడిపోతే కరెంటు నిలబడుతుంది. మూడు నాలుగుసార్లు వేసినా నిలబడకపోతే ఇక వేయడం మానేస్తుంది, అదే లాకౌట్. అప్పుడు మనిషి వెళ్లాల్సిందే. లైను మీద మనుషులు పనిచేస్తున్నప్పుడు ఈ మళ్లీ వేసే గుణాన్ని ఆపేస్తారు. "వన్ షాట్‌లో పెట్టండి", "హాట్‌లైన్ ట్యాగ్" అనే మాటలు వినపడితే దాని గురించే.

గ్యాస్ కంపెనీ రేడియోలో ఏం వినపడుతుంది?

ఎక్కువగా వాసన కాల్స్. "ఓడర్ ఇన్‌సైడ్" అంటే ఇంటి లోపల, "ఓడర్ అవుట్‌సైడ్" అంటే బయట. "హిట్ లైన్" అంటే తవ్వుతూ ఎవరో పైపు కొట్టేశారు. కంచె గుంటలు తీసేముందు 811కి ఫోన్ చేస్తే వచ్చి ఉచితంగా గీతలు గీసి వెళ్తారు, అది చేయనివాళ్ల వల్లే చాలా గొడవ. గ్యాస్ పసిగట్టే మీటరు రీడింగ్ చెప్పేటప్పుడు "ఎల్ఈఎల్‌లో ఇంత శాతం" అంటారు. మీథేన్ గాలిలో 5 శాతానికి చేరితే అంటుకుంటుంది, ఆ 5 శాతాన్నే వాళ్లు నూరుగా లెక్కపెడతారు. కాబట్టి "20 శాతం ఎల్ఈఎల్" అంటే గాలిలో గ్యాస్ 1 శాతం. ఒకటి గట్టిగా చెప్తున్నాను. మీ ఇంట్లో వాసన వస్తే స్కానర్ ముందు కూర్చోకండి. ఏ స్విచ్చూ ముట్టుకోకుండా బయటికి నడిచి, అక్కడి నుంచి ఫోన్ చేయండి.

నీళ్ల డిపార్ట్‌మెంట్ వినదగ్గదేనా?

చలికాలంలో పైపులు పగిలినప్పుడు తప్ప పెద్దగా ఏమీ ఉండదు. వాల్వు ఎన్ని చుట్లు తిప్పారో లెక్కపెట్టుకుంటారు.

పెద్ద తుఫాను తర్వాత రేడియోలో ఒక్కసారిగా అంతా గందరగోళంగా ఎందుకుంటుంది?

బయటి రాష్ట్రాల నుంచి సాయానికి సిబ్బంది వస్తారు. వాళ్ల రేడియోలు ఇక్కడి నెట్‌వర్క్‌లో పనిచేయవు, ఇక్కడి వీధులు వాళ్లకు తెలియవు. అందుకని స్థానికుడొకరు వాళ్లకు దారి చూపిస్తూ మధ్యలో ఉండి మాటలు చేరవేస్తుంటాడు. 2024 జూలై 8న బెరిల్ హరికేన్‌కి హ్యూస్టన్ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లు పోయాయి. ఆ స్థాయి పనిలో రేడియోలో వినిపించేది మొత్తంలో చిన్న ముక్క.

కరెంటు తిరిగి ఇచ్చే వేళ ఇంకో సంగతి గమనించండి. ఫీడర్ మొత్తం ఒకేసారి ఛార్జ్ చేయరు. గంటలకొద్దీ ఆగిన ఏసీలు, ఫ్రిజ్‌లు, గీజర్లు అన్నీ ఒక్క క్షణంలో మొదలైతే మామూలుకన్నా ఎంతో ఎక్కువ లోడ్ పడి మళ్లీ ట్రిప్ అవుతుంది. అందుకే ముక్కలు ముక్కలుగా ఇస్తారు. మీ పక్క వీధికి వచ్చి మీకు రాకపోతే దానికి ఇదీ ఒక కారణం.

2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో రోజులకొద్దీ పోయింది కదా. "రొటేషన్" అన్నారు, మరి మాకు ఎందుకు రొటేట్ కాలేదు?

ఫిబ్రవరి 15 తెల్లవారుజామున చలికి జనరేటర్లు వరసగా పడిపోయాయి. 60 హెర్ట్జ్ ఉండాల్సిన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 59.3 దాకా జారింది. 59.4 కింద 4 నిమిషాల 23 సెకన్లు ఉంది. తొమ్మిది నిమిషాలు ఉండి ఉంటే మిగిలిన జనరేటర్లు కూడా తమను కాపాడుకోవడానికి ఆగిపోయేవి, రాష్ట్రం గ్రిడ్ మొత్తం కూలేది. టెక్సాస్ గ్రిడ్‌ని నడిపే ఎర్కాట్ ఆదేశంతో కంపెనీలు లోడ్ తెంచాయి, అది 20,000 మెగావాట్ల దాకా వెళ్లింది.

రొటేషన్ అంటే ఒక ఫీడర్ ఆపి ఇంకోటి వేయాలి. ఆసుపత్రులు, నీటి ప్లాంట్లు ఉన్న ఫీడర్లు ముట్టుకోకూడదు. తెంచాల్సిన లోడ్ మరీ ఎక్కువయ్యేసరికి ముట్టుకోగలిగినవన్నీ ఆపినా సరిపోలేదు. ఇక మార్చి వేయడానికి ఏదీ మిగల్లేదు. మీ వీధి ఆసుపత్రి ఫీడర్ మీద ఉంటే లైట్లు వెలిగాయి, లేకపోతే లేదు. మా ఇంట్లో కార్పెట్ మీద నలుగురం ఒకే రజాయి కప్పుకుని పడుకున్నాం.

## విన్న తర్వాత

"మన కమ్యూనిటీకి ఇంకో గంటలో వస్తుందట" అని వాట్సాప్ గ్రూపులో పెట్టొచ్చా?

పెట్టకండి. 705వ సెక్షన్ ప్రకారం ఇలాంటి రేడియోలో విన్నది బయటపెట్టడం తప్పు. చట్టం పక్కన పెట్టినా, మీరు విన్నది సగం మాట. "గంట" అన్నది ఇంకో ఫీడర్ గురించి కావచ్చు. ఆ మాట నమ్మి ఎవరో ఆక్సిజన్ మిషను ఉన్న పెద్దాయన్ని వేరే ఇంటికి తీసుకెళ్లకుండా ఆగిపోతే? రోడ్డు మీద తీగ పడిందని విని ఫొటో తీయడానికి వెళ్లడం ఇంకా పెద్ద తెలివితక్కువతనం. గ్రూపులో ఎవరైనా అడిగితే నేను కంపెనీ మ్యాప్ లింకే పంపుతాను.

నా స్మార్ట్ మీటర్ రీడింగ్ కూడా డాంగిల్‌తో పట్టొచ్చంటున్నారు, నిజమేనా?

కొన్ని మీటర్లకు నిజమే. 902-928 మెగాహెర్ట్జ్‌లో రీడింగు గుప్తీకరించకుండా పంపే పాత తరం మీటర్లు ఇంకా ఉన్నాయి. ఆర్‌టీఎల్ఏఎంఆర్ అనే ప్రోగ్రామ్ వాటిని చదువుతుంది. మీ మీటరు మీద ఉన్న నంబరు ఇచ్చి ఆ ఒక్కదాన్నే ఉంచమని చెప్పండి. లేకపోతే పక్కింటివాళ్ల రీడింగులూ తెర మీద దొర్లుతాయి. అవి చూస్తే ఊరెళ్లింది ఎవరో తెలిసిపోతుంది. మనకెందుకు ఆ సంగతి.

ఈసారి ఇండియా వెళ్లేటప్పుడు స్కానర్ పట్టుకెళ్లొచ్చా?

వద్దు. 1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం నుంచీ అక్కడ పద్ధతి వేరు. లైసెన్స్ లేకుండా అలాంటి పరికరం దగ్గర పెట్టుకోవడమే తప్పు, వింటున్నారా లేదా అన్నది తర్వాతి మాట. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం కూడా రేడియో పరికరం ఉంచుకోవడానికి అనుమతి ఉండాలనే అంటుంది. శంషాబాద్ కస్టమ్స్ దగ్గర "హాబీ అండీ" అంటే కుదరదు. ఇండియాలో ఈ ఆసక్తి ఉన్న పిల్లలుంటే హామ్ పరీక్ష రాయించండి. హైదరాబాద్‌లోనే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది.

మన దగ్గర కరెంటువాళ్లు రేడియో వాడరా?

సబ్‌స్టేషన్ల మధ్య మాటలకు హై టెన్షన్ తీగలనే వాడుకునే పద్ధతి ఒకటి ఎప్పటి నుంచో ఉంది, పీఎల్‌సీసీ అంటారు. కరెంటు వెళ్లే తీగ మీదే మాట కూడా వెళ్తుంది. కింద లైన్‌మన్ స్థాయిలో ఇప్పుడంతా సెల్‌ఫోనే. మన ఫిర్యాదు 1912కి వెళ్తుంది, లైన్‌మన్‌కి ఫోన్ వెళ్తుంది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో సెల్ టవర్లు కూడా పడిపోయాయి. అప్పుడు సమాచారం అందించడానికి హామ్ రేడియోవాళ్లు దిగాల్సి వచ్చింది.

రాత్రంతా ఆ బరబర వింటే ఇంట్లో వాళ్లు ఊరుకుంటారా?

ఊరుకోరు. మాట లేనప్పుడు మోత ఆపే స్క్వెల్చ్ కొంచెం బిగించండి. ఛానెల్‌కి ఉండే సీటీసీఎస్ఎస్ టోన్ పెట్టుకుంటే వేరేవాళ్ల గోల రాదు. ఒక చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకోండి, రెండో చెవి ఇంట్లో పిలుపులకు ఖాళీగా ఉంచాలి. మా ఇంట్లో ఒప్పందం ప్రకారం పదిన్నర తర్వాత స్కానర్ గరాజ్‌లోకి వెళ్లిపోతుంది. ఉరుములు ఉన్న రాత్రుళ్లు మాత్రం దానితో పాటు నేనూ వెళ్లి మడత కుర్చీలో కూర్చుంటాను.